డెక్ మీద చెక్క పరిచేటప్పుడు: యుద్ధనౌక మోడల్స్ మీద మీ ప్రశ్నలు, నా జవాబులు

ఈసారి ఉత్తరాలన్నీ దాదాపు ఒకే చోటికి వచ్చి ఆగాయి, డెక్ దగ్గరికి, అంటే ఓడ పైన నడిచే నేల దగ్గరికి. అందుకే వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఈ శీర్షిక మొత్తం దానికే ఇచ్చేస్తున్నా. నిజం ఓడ మీద ఉండేదాన్ని "పలక" అని, మోడల్ మీద మనం అంటించేదాన్ని "పట్టీ" అని రాస్తాను, కలిసిపోకుండా ఉంటుంది.

ప్రశ్న: సార్, మొదటిసారి చెక్క కిట్ తీసుకున్నాను. తెరచాపల కాలం నాటి ఫ్రిగేట్ (ఒక రకం యుద్ధనౌక), 1/96 స్కేల్, అంటే అసలు ఓడలో 96వ వంతు. డెక్ కోసం 5 ఎంఎం వెడల్పు, 450 ఎంఎం పొడవు పట్టీలు ఇచ్చారు. సూచనల పుస్తకంలో మధ్య నుంచి మొదలుపెట్టి పక్కపక్కన అంటించమని ఒక్క లైనే ఉంది. వేరేవాళ్ల మోడల్స్ ఫొటోల్లో మాత్రం డెక్ చిన్న చిన్న ముక్కలుగా, మధ్యలో నల్ల గీతలతో కనిపిస్తోంది. అది అందం కోసమా, లేక నిజంగానే అలా ఉండేదా? నేనెలా చెయ్యాలి?

జవాబు: ఇంకా జిగురు మూత తియ్యలేదంటే మంచిపని చేశారు. ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. 450 ఎంఎంని 96తో గుణించండి, 43 మీటర్లు దాటుతుంది, అంటే 141 అడుగుల పలక. అంత పొడుగు పలక ఏ చెట్టు నుంచి కోస్తారు, కోసినా దాన్ని ఓడ మీదకి ఎలా ఎక్కిస్తారు? వెడల్పు చూడండి, 5 ఎంఎం అంటే అసలు ఓడ మీద 48 సెంటీమీటర్లు, దాదాపు 19 అంగుళాలు. నిజం డెక్ పలకలు ఎక్కువగా 8 నుంచి 12 అంగుళాల వెడల్పు, 20 నుంచి 30 అడుగుల పొడవు మధ్యలో ఉండేవి. మీ స్కేల్‌లో 10 అంగుళాలంటే 2.6 ఎంఎం, 24 అడుగులంటే 76 ఎంఎం. అంతే.

కాబట్టి కిట్ పట్టీని నిలువుగా రెండుగా చీల్చండి, 2.5 ఎంఎం వస్తుంది, సరిగ్గా సరిపోతుంది. స్టీల్ స్కేలు పెట్టి, కొత్త బ్లేడుతో, ఒకేసారి గట్టిగా నొక్కకుండా నాలుగైదు సార్లు తేలిగ్గా లాగితే చెక్క చార (నార నడిచే దారి) వెంట పక్కకి పోకుండా తెగుతుంది. చీల్చే ఓపిక లేకపోతే 2.5 ఎంఎం పట్టీలు విడిగా తెప్పించుకోండి, కానీ 5 ఎంఎం మాత్రం అంటించకండి. ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మోడల్ చూసేవాడి కన్ను తనకి తెలియకుండానే డెక్ పలకతోనే ఓడని కొలుస్తుంది, పలక వెడల్పైతే ఓడ చిన్నదైపోతుంది, ఫిరంగులు తాళ్లు ఎంత బాగా చేసినా ఆ తేడా పూడదు.

ఇక ముక్కలుగా ఎందుకు ఉంటుందంటే, డెక్ కింద ఓడకి అడ్డంగా దూలాలు ఉంటాయి, పలక చివర తప్పకుండా ఒక దూలం మీద ఆనాలి, గాల్లో తేలకూడదు. అందుకని అతుకులు, అంటే రెండు పలకల చివరలు కలిసే చోట్లు, ఎక్కడ పడితే అక్కడ రావు, ఈ వైపు నుంచి ఆ వైపుకి ఒకే వరస గీతల మీద వస్తాయి. కానీ పక్కపక్క పలకలన్నీ ఒకే దూలం మీద ఆగితే అక్కడ డెక్ బలహీనమైపోతుంది, కాబట్టి ఓడ వడ్రంగులు ఒక పద్ధతి పెట్టుకున్నారు: ఒక దూలం మీద ఒక అతుకు పడితే, మళ్లీ అదే దూలం మీద ఇంకో అతుకు రావాలంటే మధ్యలో మూడు పలకలు తెగకుండా దాటి వెళ్లాలి. ఆనుకుని ఉన్న పలకల అతుకుల మధ్య కనీసం 5 అడుగుల ఎడం ఉండాలని కూడా చూసుకునేవాళ్లు. చాలామంది ఇటుక గోడ కట్టినట్టు ఒకటి విడిచి ఒకటి పెట్టేస్తారు, చూడ్డానికి తీరుగా ఉంటుంది గానీ అలా పెడితే ఒక్కో దూలం మీద సగం పలకలు తెగిపోయినట్టు, ఏ వడ్రంగీ అలా కట్టడు.

మీ మోడల్ మీద దీన్ని ఇలా చెయ్యండి. పట్టీలన్నీ 80 ఎంఎం ముక్కలుగా కోసుకోండి. కింద ఉన్న ప్లైవుడ్ మీద ప్రతి 20 ఎంఎంకి అడ్డంగా ఒక పెన్సిల్ గీత గియ్యండి, అవే మీ దూలాలు. మొదటి వరస సున్నా గీత దగ్గర మొదలవుతుంది, రెండో వరసలో తొలి అతుకు 40 దగ్గర, మూడో వరసలో 20 దగ్గర, నాలుగో వరసలో 60 దగ్గర, ఐదోది మళ్లీ సున్నా నుంచి. ఇలా చేస్తే పక్కపక్క అతుకులు ఎక్కడా 20 ఎంఎం కన్నా దగ్గరికి రావు, అది అసలు ఓడ మీద 6 అడుగుల పైమాటే. మొదలుపెట్టేముందు ఒక కాగితం మీద ఎనిమిది వరసలు గీసుకుని చూడండి, ఒకసారి కంటికి పట్టిందంటే తర్వాత చెయ్యి దానంతట అదే వెళ్తుంది.

నల్ల గీతలు కూడా అలంకారం కాదు. పలకల మధ్య సందులో తారు పట్టించిన పీచుని ఉలి లాంటి ఇనుప పనిముట్టు పెట్టి కొయ్య సుత్తితో కొట్టి కూరేవాళ్లు, పైన వేడి తారు పోసేవాళ్లు, నీళ్లు కిందకి దిగకుండా. ఆ సందు వెడల్పు సుమారు 6 నుంచి 10 ఎంఎం అనుకుందాం, 96తో భాగిస్తే దాదాపు 0.1 ఎంఎం లోపే. అంటే పెన్సిల్ పూత మందం చాలు. కొంతమంది మధ్యలో నల్ల అట్ట ముక్కలు పెడతారు, 0.3 ఎంఎం అట్ట అంటే అసలు ఓడ మీద అంగుళం పైన మందం ఉన్న తారు గీత, దూరం నుంచి డెక్ కాదు చారల చొక్కా కనిపిస్తుంది. ఇరవై ముప్పై పట్టీలని కట్టగా కట్టి అంచులు సమంగా వచ్చేలా బిగించి, మెత్తటి పెన్సిల్ని ఆ అంచుల మీద పడుకోబెట్టి రుద్దండి, అన్నీ ఒకేసారి అయిపోతాయి. ఒక్క అంచుకే రుద్దాలి, రెండో అంచుకి వద్దు, ఎందుకంటే పక్క పట్టీ అంచు ఎలాగూ వచ్చి కలుస్తుంది. తర్వాత 80 ఎంఎం ముక్కలుగా కోశాక ప్రతి ముక్కకీ ఒక చివర మాత్రం అలాగే నలుపు చెయ్యండి.

అంటించేముందు మెట్ల దారుల చుట్టూ, గ్రేటింగుల (చెక్క జాలీల) చుట్టూ వచ్చే చట్రాలు ముందే బిగించేసుకోండి, అసలు ఓడలో కూడా పలకలు ఆ చట్రాల దాకా వచ్చి ఆగుతాయి. ఓడ నడిమధ్యలో దారం కట్టి దాని వెంట మొదటి పట్టీ పెట్టండి, అక్కణ్ణుంచి రెండు వైపులా సమంగా వెళ్లండి, ప్రతి ఐదారు వరసలకీ దారంతో కొలుచుకోండి. ఒక్కో పట్టీకి వెంట్రుకవాసి వంకర ఉన్నా ఇరవయ్యో వరసకి వచ్చేసరికి అరచేతిలో పెట్టినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: నేను నల్ల మార్కర్ పెన్నుతో అంచులు గీశాను. వార్నిష్ వెయ్యగానే నలుపు చెక్కలోకి పాకిపోయి డెక్ అంతా మురికిగా అయింది. ఇప్పుడు రుద్దితే పోతుందా?

జవాబు: ఇది చదివినప్పుడు నాకు కడుపులో తిప్పినట్టయింది, ఎందుకంటే నా మొట్టమొదటి డెక్ ఇలాగే పోయింది, మూడు వారాల పని ఒక్క సాయంత్రంలో. మార్కర్ ఇంకు స్పిరిట్‌లో కరుగుతుంది, స్పిరిట్ ఉన్న వార్నిష్ తగలగానే మళ్లీ కరిగి చెక్క నార వెంట పక్కకి పాకుతుంది. అది పైపైన ఉండదు, లోపలికి దిగిపోతుంది, కాబట్టి రుద్దడం వల్ల లాభం ఉండదు, పట్టీ పల్చబడిపోతుంది అంతే. ఒకటి రెండు చోట్లే అయితే ఆ పట్టీలు మాత్రం తీసి కొత్తవి పెట్టండి. డెక్ అంతా అయితే మాత్రం దాని మీదే ఇంకో పొర పరచడం మేలు, పట్టీ 0.5 ఎంఎం మందమే కాబట్టి ఎత్తులో పెద్ద తేడా రాదు, చట్రాలు కొంచెం పొట్టిగా కనిపిస్తాయేమో చూసుకోండి.

ఇంకో విషయం, ఇది పెన్సిల్ వాడేవాళ్లకి. అంటించడం అయ్యాక ఉప్పుకాగితంతో గబగబా రుద్దకండి. ఆ నల్లటి పొడి చెక్క రంధ్రాల్లో దిగి డెక్ మొత్తం బూడిద రంగుకి తిరుగుతుంది, తర్వాత ఎంత తుడిచినా రాదు. దానికి బదులు కొత్త బ్లేడుని దాదాపు నిలువుగా పట్టుకుని మీ వైపుకి లాగుతూ గీకండి, చార వెంటే, అడ్డంగా కాదు. పల్చటి పొరలు పొరలుగా లేస్తాయి, పొడి రాదు, గీతలు పదునుగా నిలుస్తాయి. గీకేముందు పల్చటి షెల్లాక్ (లక్క వార్నిష్) ఒక్క చెయ్యి వేసి ఆరనిస్తే ఇంకా మంచిది, కానీ ముందు పనికిరాని ముక్క మీద వేసి చూడండి, ఇది మాత్రం మర్చిపోవద్దు.

ప్రశ్న: పట్టీలు అంటించిన మర్నాటికి అంచులు పైకి లేచి గిన్నెల్లాగా అవుతున్నాయి. జిగురు మంచిది కాదంటారా?

జవాబు: జిగురు మంచిదే, ఎక్కువైంది. తెల్ల జిగురులో నీళ్లుంటాయి, పల్చటి పట్టీ కింద వైపు మాత్రమే తడిసి ఉబ్బుతుంది, పైవైపు పొడిగా ఉంటుంది, అందుకే వంగుతుంది. జిగురుని పట్టీకి కాదు, ప్లైవుడ్‌కి రాయండి, అది కూడా పాత ప్లాస్టిక్ కార్డు ముక్కతో లాగి పల్చటి పొర మాత్రం మిగిలేలా. ఒకేసారి రెండు మూడు వరసలకి మించి రాయొద్దు. పెట్టిన వెంటనే బరువు పెట్టండి, మధ్యలో ప్లాస్టిక్ కాగితం వేసి, లేకపోతే బరువు కూడా అంటుకుపోతుంది. సూపర్ గ్లూతో త్వరగా అవుతుంది కదా అంటారు కొందరు, నాకు అది డెక్ మీద ఇష్టం లేదు, సందులోంచి పైకి వచ్చిన చోటల్లా చెక్క దాన్ని పీల్చుకుని ముదురు మచ్చ అవుతుంది, తర్వాత రంగు గానీ వార్నిష్ గానీ అక్కడ పట్టదు.

ప్రశ్న: ఓడ ముక్కు (ముందు కొన) దగ్గర డెక్ సన్నబడే చోట నా పట్టీలన్నీ సూదుల్లాగా మొనలు తేలి విరిగిపోతున్నాయి.

జవాబు: అసలు ఓడ మీద కూడా ఇదే సమస్య. మొన తేలిన పలకకి మేకు దిగదు, పీచు కూరేటప్పుడు సుత్తి దెబ్బకి చీలిపోతుంది. అందుకని డెక్ అంచు వెంట వంపుగా ఒక వెడల్పాటి పలక వేసి, లోపలి పలకల మొనని కోసేసి ఆ అంచు పలకలో చిన్న గాడి పెట్టి అందులో కూర్చోబెట్టేవాళ్లు. మామూలుగా పాటించే లెక్క ఏంటంటే, పలకని ఏటవాలుగా కోసినప్పుడు ఆ ఏటవాలు పొడవు పలక వెడల్పుకి రెండింతలు దాటితే అక్కడ గాడి కావాలి, దాటకపోతే ఏటవాలుగా కోసి వదిలెయ్యొచ్చు. గాడిలో కూర్చునే చివర వెడల్పు పలకలో సగం ఉంటే సరిపోతుంది.

మోడల్ మీద ముందు అంచు పట్టీ వంపుకి తగ్గట్టు కోసి పెట్టండి, దీన్ని వంచడం కన్నా వెడల్పాటి పల్చటి షీటు నుంచి ఆ ఆకారంలో కోసుకోవడం తేలిక. తర్వాత లోపలి పట్టీ చివర కోసి, అంచు పట్టీ మీద పెట్టి, దాని చుట్టూ పదునైన పెన్సిల్‌తో గీసి, ఆ గీత లోపలే ఉండేలా గాడి కొయ్యండి. ఒక్కో వైపు పది పన్నెండు గాడులు ఉంటాయి, ఒక్కోదానికి అరగంట పట్టినా పట్టనివ్వండి. ఓడ మొత్తంలో ఎవరైనా ముందు వంగి చూసేది ఇక్కడే. ఒక జాగ్రత్త, ఈ గాడులు అన్ని కాలాల ఓడల్లోనూ ఒకేలా లేవు, పాత ఓడల్లో పలకల్నే ముక్కు వైపుకి సన్నం చేసుకుంటూ వెళ్లినవి ఉన్నాయి, కాబట్టి మీ ఓడ ప్లాన్ చూశాకే బ్లేడు పట్టుకోండి.

ప్రశ్న: అన్నా, నాది ప్లాస్టిక్ కిట్, రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మనీ యుద్ధనౌక బిస్మార్క్, 1/350. డెక్ మీద పలకల గీతలు అచ్చులోనే ఉన్నాయి. లేజర్‌తో కోసిన చెక్క డెక్ షీటు విడిగా దొరుకుతోంది, కొనమంటారా, రంగు వెయ్యమంటారా? షీటు వేస్తే కొన్నాళ్లకి లేచిపోతుందని కూడా విన్నాను.

జవాబు: బిస్మార్క్ 251 మీటర్ల ఓడ, మీ బల్ల మీద 72 సెంటీమీటర్ల లోపు. ఇనుప డెక్ మీద టేకు పలకలు పరిచి బోల్టులతో బిగించిన ఓడ అది. ఆ కాలం యుద్ధనౌకల పలకలు తెరచాప ఓడల కన్నా సన్నం, 6 అంగుళాలు అనుకున్నా మీ స్కేల్‌లో 0.43 ఎంఎం. ఇక పలకల మధ్య సందు అయితే 0.03 ఎంఎం కూడా ఉండదు, అంటే నిజానికి కంటికి కనిపించకూడదు. లేజర్ షీటు మీద గీతలు కాల్చినవి కాబట్టి ఎప్పుడూ ఉండాల్సినదానికన్నా నల్లగానే ఉంటాయి. షీటు తప్పని నేననట్లేదు, నిజం చెక్క మీద వెలుతురు పడినప్పుడు వచ్చే మెత్తదనం రంగుతో తేవడం కష్టం. కానీ షీటు అలాగే అంటించి వదిలెయ్యకండి. అంటించాక బాగా పల్చగా కలిపిన లేత బూడిద, లేత ఇసుక రంగు పైన ఒక పొర వెయ్యండి, గీతలు వెనక్కి వెళ్తాయి, ఓడ ఒక్కసారిగా పెద్దదైనట్టు అనిపిస్తుంది.

లేచిపోవడం నిజమే, నా దగ్గర ఒకటి రెండో ఏడాదికి ముక్కు దగ్గర లేచింది. కారణం చాలావరకు కింద ఉన్న ప్లాస్టిక్. అచ్చు నుంచి వచ్చిన జిడ్డు పోయేలా సబ్బు నీళ్లతో కడిగి, ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) వేసి, దాని మీద మెరుపు వార్నిష్ వేసి పూర్తిగా ఆరనివ్వండి, నున్నటి పొర మీద షీటు వెనక ఉండే స్టిక్కర్ జిగురు బాగా పట్టుకుంటుంది. వెనక కాగితం తియ్యకముందే షీటుని రెండు మూడు సార్లు పెట్టి చూడండి, అడ్డొచ్చే ప్లాస్టిక్ మొనలన్నీ కోసెయ్యండి, ఒక్క మొన అడ్డున్నా షీటు అక్కడ గుడారం లాగా లేస్తుంది, మొదట నొక్కితే ఒదిగిపోతుంది గానీ తర్వాత అదే లేస్తుంది. ఒకేసారి కాగితం మొత్తం పీకకుండా మధ్య నుంచి కొంచెం కొంచెం తీస్తూ నొక్కుకుంటూ వెళ్లండి. చివర్లో అంచుల వెంట మాత్రం సూది మొనతో చుక్క చుక్క సూపర్ గ్లూ. పైన డెక్ మీద వద్దన్నాను కదా, ఇక్కడ అంచు కిందే కాబట్టి పర్వాలేదు.

రంగే వేస్తానంటే మొత్తానికి ఒక లేత ఇసుక రంగు వేసి, తర్వాత అక్కడక్కడా కొన్ని పలకలకి మాత్రం దానికి దగ్గరగా ఉండే రెండు మూడు ఛాయలు వెయ్యండి. ఛాయల మధ్య తేడా ఎంత తక్కువుంటే అంత మంచిది. కొన్ని మోడల్స్ మీద పసుపు, గోధుమ, కాఫీ రంగు పలకలు పక్కపక్కన చదరంగం బల్ల లాగా కనిపిస్తాయి. అసలు డెక్‌ని నావికులు ఇసుకరాయితో, నీళ్లతో రోజుల తరబడి రుద్దేవాళ్లు, ఎండ, ఉప్పునీళ్లు తోడై టేకు వెలిసిపోయి లేత బూడిద కలిసిన రంగుకి వచ్చేది, అప్పుడే పాలిష్ పెట్టిన టేకు బీరువా రంగు కాదు.

ప్రశ్న: నిజం డెక్ టేకే కదా, మరి మోడల్ మీద కూడా టేకు పట్టీలు వేస్తే తప్పేంటి?

జవాబు: టేకు గొప్ప చెక్క, అందులో మాటే లేదు. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ఫ్రిగేట్ ట్రింకోమలీ ఇంగ్లండ్‌లో హార్టిల్‌పూల్ దగ్గర ఇప్పటికీ నీళ్ల మీద ఉంది. కానీ మోడల్‌కి చెక్క చార కూడా స్కేల్‌లో ఉండాలి. టేకు చార ముతక, 2.5 ఎంఎం పట్టీ మీద ఆ రంధ్రాలు అసలు ఓడ లెక్కలో వేలు దూరేంత పెద్దవి అవుతాయి. కిట్లలో వచ్చే వాల్‌నట్‌కి కూడా ఇదే ఇబ్బంది. మేపుల్, హోలీ, బాక్స్‌వుడ్, లైమ్ వాడండి, చార కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. బాల్సా మాత్రం వద్దు, గీకితే నూగు లేస్తుంది. ఇంకో సంగతి, అన్ని డెక్‌లూ టేకు కాదు, జపాన్ యుద్ధనౌక యమాటో డెక్ హినోకి అనే సైప్రస్ జాతి చెక్కది, లేత పసుపు, దానికి టేకు రంగు వేస్తే తప్పవుతుంది.

ప్రశ్న: పలకల మీద మేకుల చుక్కలు పెట్టాలా?

జవాబు: 1/48లో అయితే సన్నగా, లేతగా పెట్టండి. 1/96లో మేకుని కప్పే అంగుళం చెక్క బిరడా 0.26 ఎంఎం వస్తుంది, పైగా అది పలక రంగులోనే ఉండేది, అసలు ఓడ మీద నిలబడి చూసినా వెతకాలి. చిన్న స్కేల్‌లో వదిలెయ్యండి. పెన్సిల్ చుక్కలు పెట్టిన డెక్‌కి మశూచి పోసినట్టుంటుంది, నాకు మనసొప్పదు.

ప్రశ్న: 1944 నాటి అమెరికా బ్యాటిల్‌షిప్ చేస్తున్నాను. చెక్క డెక్ వెయ్యాలా, నీలం డెక్ వెయ్యాలా?

జవాబు: నీలమే ముందు చూడండి. యుద్ధకాలంలో ఆకాశం నుంచి కనిపించకుండా చెక్క డెక్‌లకి కూడా ముదురు నీలం పట్టించేవాళ్లు. పలకలు కిందే ఉంటాయి కాబట్టి గీతల ఆకారం ఉండాలి, చెక్క రంగు ఉండకూడదు. మీ ఓడ, మీ నెల, రెండూ కలిపి ఫొటోలు వెతికి తేల్చుకోండి.

ప్రశ్న: సగం డెక్ అయిపోయింది. ఇప్పుడు చూస్తే అతుకులన్నీ తప్పుగా పెట్టానని తెలిసింది. విప్పాలా, వదిలెయ్యాలా? మా అమ్మాయి బాగానే ఉంది నాన్నా అంటోంది గానీ నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు: నిద్ర పట్టట్లేదంటే విప్పండి. తెల్ల జిగురైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని బ్రష్షుతో సందుల్లోకి పట్టించి, పైన తడి గుడ్డ కప్పి పదిహేను ఇరవై నిమిషాలు వదిలెయ్యండి, మెత్తబడుతుంది, పల్చటి చాకు కింద దూర్చి ఒక్కో పట్టీ లేపండి, లేవనిదాన్ని బలవంతం చెయ్యకుండా మళ్లీ తడపండి. సూపర్ గ్లూ అయితే అసిటోన్ కావాలి, కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా, ప్లాస్టిక్ భాగాలకి తగలకుండా. ఆల్కహాల్‌కి కూడా మంట జాగ్రత్త అంతే. కింద ప్లైవుడ్ ఒక రోజంతా ఆరాక బరువు పెట్టి సమం చేసుకుని, 20 ఎంఎం గీతలు మళ్లీ గీసుకుని, ఈసారి మొదటి నాలుగు వరసలు అంటించేముందు మీ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని అతుకులు లెక్కపెట్టించండి.